మొగలాయి తోటలు - వానిని పెంచిన రాణులు

ఆగ్రాకు పోయినవారందరును తాజమహలు గోపురమును చూచి వత్తురు. ఆ గోపురమునకు ముందున్న తోటను చూచి వచ్చినవారు పదుగురిలో ఒకరైనను ఉందురో లేదో. వాకిలి దాటినది మొదలు చలువరాతి మేడపైననే చూపు నిలిపి, నడుమనున్న కాలువ ప్రక్కగా వడివడిగ నడచిపోవుటయే తప్ప, ఆ కాలువ అచ్చట ఎందులకున్నది, దానిలోని నీరెచ్చటనుండి వచ్చెడిది, ఆ చెట్లనెవరు నాటించిరి అని విచారించువారు అరుదు. మొగలాయి పాదుషాల కాలమున తోట యనునది మేడకు అలంకారము కాదు. మేడయే తోటకు అలంకారము. ఇంకొక విశేషమేమనగా, ఈ తోటలలో పేరుపొందినవానిని పెక్కింటిని కట్టించి పోషించినవారు స్త్రీలు. ఈ సంగతి మన పాఠ్యపుస్తకములలో కానరాదు. కావుననే ఈ నెల మేమీ విషయమును సోదరీమణుల యెదుట పెట్టుచున్నాము.

1526వ సంవత్సరమున పానిపట్టు యుద్ధము గెలిచి ఆగ్రా చేరిన బాబరు పాదుషాకు హిందూదేశమంతగా నచ్చలేదు. ఎండ, గాలి, దుమ్ము - ఈ మూడును తన్ను బాధించినవని ఆయన తన స్వీయచరిత్రలో వ్రాసికొన్నాడు. అన్నిటికంటె ఆయనకు లోటుగా తోచినది తోటలలో పారు నీరు లేకపోవుట. కాబూలు కొండలలో సెలయేళ్ల ప్రక్కన నివసించి వచ్చిన మనుష్యుడు! యమున ఆవలి గట్టున చోటు వెదకి, ముందుగా బావి త్రవ్వించి, పిదప చెరువు, స్నానగృహము కట్టించి, ఆ తరువాతనే తోట వేయించెను. ఆయన సరదారులును అట్లే చేయగా, ఆ గట్టునకు ఊరివారు 'కాబూలు' అని పేరు పెట్టిరట. దేశమును గెలిచినవాడు మొదట కోట కట్టించుకొనుట లోకాచారము. ఈయన బావి త్రవ్వించెను. మాకీ గుణము మెచ్చదగినదిగా తోచుచున్నది.

ఆ తోటల పద్ధతి పారసీక దేశమునుండి వచ్చినది. చతురస్రమైన స్థలమునకు చుట్టును ఎత్తైన ప్రహరి. నడుమ ఒకదానినొకటి ఖండించుకొను రెండు కాలువలు. వానిచే ఏర్పడిన నాలుగు మళ్లు. దీనినే చార్‌బాగ్ అందురు. చార్ అనగా నాలుగు, బాగ్ అనగా తోట. స్వర్గమున నీరు, పాలు, మధువు, తేనె ప్రవహించు నాలుగు నదులు కలవని వారి మతగ్రంథము చెప్పుచున్నది. ఈ కాలువలు ఆ నదులకు గురుతులని పెద్దలు చెప్పుదురు. నడచుబాటలు మళ్లకంటె ఎత్తుగా నుండును. అందుచేత బాటపై నడచువారికి పూలగుత్తులు కాలిమట్టమునకు వచ్చి, రత్నకంబళి పరచినట్లు కానవచ్చును. కాలువకట్టలు తెరచినప్పుడు ఆ పల్లపు మళ్లు వాటంతటవియే తడియును. సౌందర్యమును సేద్యమును ఇచ్చట వేరువేరు కావు.

బాబరు తోటలను గూర్చి మనకు ముచ్చటయైన వృత్తాంతము చెప్పినది ఆయన కుమార్తె గుల్‌బదన్ బేగము. ఈమె వృద్ధాప్యమున తన అన్న హుమాయూను చరిత్రమును పారసీభాషలో వ్రాసినది. తాను ఆరేండ్ల పసిపాపగా కాబూలునుండి ఆగ్రాకు వచ్చిన నాటి సంగతులను, తండ్రి తమ్మందరిని వెంటబెట్టుకొనిపోయి తోటలు చూపిన సంగతిని ఆమె తలచుకొన్నది. ఒకనాడు ఆగ్రాలోని ఒక తోటలో బాబరు, రాజ్యభారముతో తన మనస్సు అలసిపోయినదనియు, రాజ్యమును హుమాయూనునకప్పగించి నీళ్లందించు ఒక్క పరిచారకునితో తానీ తోటలో ఉండిపోవలెనని ఉన్నదనియు చెప్పగా, తల్లి ప్రభృతులు కన్నీరు పెట్టుకొనిరట. 1530లో ఆయన మరణించినప్పుడు ఆగ్రా తోటలోనే మొదట పాతిపెట్టిరి. కొన్నియేండ్లకు, తాను కోరుకొన్న విధముగా, కాబూలులో తాను వేయించిన కొండవాలు తోటకు చేర్చిరి. గుల్‌బదన్ వ్రాసిన గ్రంథము అసంపూర్ణముగా ఒక్క ప్రతియే దొరకినది. 1902లో అన్నెట్ బెవరిడ్జి అను ఆంగ్లవనిత దానిని ఇంగ్లీషులోనికి మార్చువరకు లోకమునకు ఆ పుస్తకము ఉన్నట్లే తెలియదు.

ఇక నీటి సంగతి. తోటలో ఎండిన కాలువలను చూచి "ఏమున్నది?" అని పెదవి విరుచువారికి ఈ సంగతి తెలియవలెను. కాశ్మీరములో కొండవాగులున్నవి గనుక కష్టము లేదు. ఆగ్రా, ఢిల్లీ చదును నేలలు. యమున తోటకు చాల దిగువన పారును. అందుచేత మన పొలములలో మోట తోలినట్లే ఎద్దులచే నీరు తోడించి, ఎత్తున కట్టిన తొట్టిలోనికి చేర్చి, అచ్చటనుండి గోడలమీదుగా, భూమిలోని గొట్టములగుండ తోటకు పంపెడివారు. యంత్రము లేదు, విద్యుచ్ఛక్తి లేదు. ఎత్తునుండి పల్లమునకు జారు నీటి బరువే సమస్త కార్యమును చేసెడిది.

తాజమహలు కాలువలోని జలయంత్రములు, అనగా నీటిచిమ్ములు, అన్నియు ఒకే ఎత్తునకు లేచుటకు ఆనాటి శిల్పులొక ఉపాయము పన్నిరి. గొట్టమును తిన్నగా జలయంత్రమునకు కలుపక, ప్రతి జలయంత్రము క్రిందను ఒక రాగి బిందెను అమర్చిరి. వచ్చిన నీరు మొదట బిందెలను నింపవలెను. బిందెలన్నియు నిండిన తరువాతనే నీరు పైకి చిమ్మును. అందుచేత తొట్టికి దగ్గరనున్నది ఎత్తుగను, దూరమునందున్నది కుంటుచును లేచుట యుండదు. వంటింట బిందెలు నింపుకొను మనకు ఇది చదువగానే అర్థమగును. ఇంజనీరులకు బొమ్మ వేసి చూపవలసి యుండునేమో!

కొండవాలు తోటలలో నీటికింకను ఎన్నో సొగసులు కల్పించిరి. ఒక అంతరువునుండి క్రింది అంతరువునకు నీరు దిగుచోట ఏటవాలుగా రాతిపలకను నిలిపి, దానిపై చేపపొలుసులవలె చెక్కడము చెక్కెడివారు. నీరు ఆ పలకపై తెల్లగా నురుగులు క్రక్కుచు జారును. దానికి చాదర్, అనగా దుప్పటి, అని పేరు. నీరు తిన్నగా పడుచోట, ఆ ధారకు వెనుక గోడలో చిన్నచిన్న గూళ్లు కట్టి, పగలు పూలపాత్రలను, రాత్రి దీపములను అందుంచెడివారు. పారుచున్న నీటితెర వెనుక దీపములు! మన ఇండ్లలో సాయంకాలము తులసికోట గూటిలో దీపముంచు ఆడువారికి ఈ శోభను ఊహించుకొనుట కష్టము కాదు.

ఢిల్లీలోని హుమాయూను సమాధి, తాజమహలునకు సుమారు ఎనుబదియేండ్లు పెద్దది. దానిని కట్టించినది ఆయన భార్య బేగా బేగము. మక్కాయాత్ర చేసినందున హాజీ బేగమని ప్రసిద్ధి. 1560ల నడుమ ఆరంభమై, 1570ల తొలినాళ్లకు ముగిసినది. చార్‌బాగ్ నడుమ రాజసమాధి యుండుట ఈ దేశమున అంత గొప్పగా జరుగుట అదియే మొదలు. భర్త తాజమహలు కట్టించెనని లోకమంతయు కథలు చెప్పుకొనును; దానికి దారి చూపిన కట్టడమును ఒక భార్య కట్టించినదని ఎందరు చెప్పుకొందురు?

నూర్జహాను పేరు మాత్రము చాలమంది విన్నదే. ఆమె సొంత ధనము, సొంత వర్తకము, ఓడలును కల రాణి. ఆగ్రాలో యమున ఆవలి గట్టున ఆమె నూర్ అఫ్షాన్ అను తోటను తీర్చెను. నేడది రామబాగ్ అని పిలువబడుచున్నది. దానికి సమీపముననే తన తలిదండ్రులకు 1622 మొదలు 1628 వరకు తోటతో కూడిన సమాధిమందిరము కట్టించెను. దానిని తండ్రి బిరుదునుబట్టి ఇతిమాదుద్దౌలా సమాధి యందురు గాని, అచ్చట తల్లి అస్మత్ బేగము సమాధియు తండ్రి సమాధి ప్రక్కనే యున్నది. చలువరాతిలో రంగురాళ్లు పొదిగిన ఆ గోడలను చూచిన తరువాత తాజమహలు గోడలు మనకు క్రొత్తగా తోచవు. పూలకుండీలు, పండ్లు, సైప్రసు చెట్లు, పన్నీరుబుడ్లు - తోటంతయు గోడ యెక్కినట్లుండును.

ఈ అస్మత్ బేగమును గూర్చి జహంగీరు పాదుషా తన దినచర్యలో ఒక సంగతి వ్రాసినాడు. ఆమె పన్నీరు తీయుచుండగా, వేడి పన్నీరును పోసిన పళ్లెములపై తెట్టు కట్టినదట. ఇతరులైనచో దానిని తీసి పారవేయుదురు. ఆమె దానిని కొంచెము కొంచెముగా కూడబెట్టి చూడగా, ఒక చుక్క అరచేత రుద్దినంతనే గది నిండ గులాబులు విచ్చినట్లు పరిమళించెను. గులాబీ అత్తరు అట్లు పుట్టినదని పాదుషా మెచ్చుకొని ఆమెకు ముత్యాలహారము బహూకరించెను. అంతఃపురమున పెద్దదియగు సలీమా సుల్తాన్ బేగము దానికి పాదుషా పేరే పెట్టెను. కనిపెట్టినది అత్తగారు, పేరు అల్లునిది! ఇంకొక వింత: పారసీలో 'గుల్' అనగా పువ్వు, 'ఆబ్' అనగా నీరు, గులాబు అనగా పన్నీరు. మనము తెలుగున పువ్వునే గులాబీ యనుచున్నాము. పూవు పేరు మరచి, నీటి పేరుతో పూవును పిలుచుచున్నామన్నమాట.

కాశ్మీరమున శ్రీనగరమునొద్ద దాల్ సరస్సు గట్టున గల షాలిమారు తోటను 1619లో జహంగీరు వేయించెను. ఆయన కుమారుడు షాజహాను 1630 ప్రాంతమున దానిని పెంచెను. క్రింది అంతరువు ప్రజలకు, దానిపైది పాదుషా సన్నిహితులకు, అన్నిటికంటె పైది రాణివాసమునకు. నల్లరాతి స్తంభముల మంటపము ఆ రాణివాసపు అంతరువుననే కలదు. కొండనుండి వచ్చు నీరు మొట్టమొదట స్త్రీలను చూచి, పిదప రాజసభకు, ఆ తరువాత ప్రజలకు చేరెడిది. ఘోషాలో మ్రగ్గినవారని మనము జాలిపడుచుందుము, జాలి తగినదే. ఐనను ఆ తోటలో ఎత్తైన చోటు, చల్లని నీరు, దూరపు చూపు వారికే దక్కినవి.

ఆ సమీపముననే నిషాత్ అను ఇంకొక తోట కలదు. పండ్రెండు అంతరువులు, సరస్సు అంచునుండి కొండ మొదటివరకు మెట్లుమెట్లుగా లేచిపోవును. దీనిని నూర్జహాను అన్న ఆసఫ్‌ఖాను 1633లో వేయించెను. ఆయన ముంతాజు తండ్రి, అనగా షాజహానునకు మామగారు. అచ్చటివారు చెప్పు కథ యొకటి కలదు. షాజహాను ఆ తోటను చూచి ముచ్చటపడి, మూడుమారులు మామగారి యెదుట దానిని పొగడెనట. పాదుషా పొగడిన వస్తువును వెంటనే కానుకగా సమర్పించుట ఆనాటి మర్యాద. మామగారు వినియు విననట్లూరకుండెను. షాజహానునకు కోపము వచ్చినది. కాని తోటను లాగుకొనలేదు, చెట్లను కొట్టింపలేదు. షాలిమారునకు పోవు వాగునుండియే నిషాత్‌కును నీరు వచ్చుచుండెను. ఆ నీటిని కట్టివేయుడని ఆజ్ఞ యిచ్చెను. అంతే. తోట మూగవోయినది. ఆసఫ్‌ఖాను ఎండిన కాలువల నడుమ చెట్టునీడను దిగులుతో పండుకొనియుండగా, సేవకుడొకడు యజమాని దుఃఖమును చూడలేక, రాజాజ్ఞను మీరి కట్ట తెరచెను. నీటి చప్పుడునకు మేల్కొనిన ఆసఫ్‌ఖాను ప్రాణభయముతో వెంటనే మూయుమని కేకలు వేసెను. వార్త పాదుషా చెవిని పడినది. అందరును సేవకుని తల పోవుననుకొనిరి. వాడు చేతులు జోడించి, నా యజమానియందలి భక్తిచే చేసితినని మనవి చేయగా, షాజహాను వానిని క్షమించి, నిషాత్ తోటకు నీటిహక్కు వ్రాసి యిచ్చెనట. కథలో కల్పన ఎంతయైనను ఉండుగాక. తోట ప్రాణమెచ్చటనుండునో ఆ మామయల్లుండ్రిద్దరును ఎరిగినవారే.

షాజహాను కుమార్తె జహనారా బేగమునకు, తల్లి ముంతాజు 1631లో మరణింపగా ఆమె ఆస్తిలో సగము సంక్రమించెను. తరువాత సూరతు రేవు రాబడియు ఆమెకు లభించెను. ఆ ధనముతో ఆమె ఢిల్లీ క్రొత్త నగరమున చాందినీచౌకు అంగడివీధిని, దాని ప్రక్కన బాటసారులకు గొప్ప సరాయిని, విశాలమైన తోటను 1650 ప్రాంతమున కట్టించెను. ఆమె చెల్లెలు రోషనారా నగరమునకు వెలుపల ఇంకొక తోట వేయించెను. షాజహాను భార్యలలో ఒకతె యగు ఇజ్జున్నిసా బేగము 1653లో ఢిల్లీకి వాయవ్యమున మరియొక షాలిమారును నిర్మించెను. 1658లో ఔరంగజేబు తండ్రిని బంధించి మొదట పట్టము కట్టుకొన్నది ఆ తోటలోనే.

వీనిలో ఎన్ని మిగిలినవి? జహనారా సరాయిని 1857 తిరుగుబాటు తరువాత పడగొట్టి, ఆ చోట దొరలు టౌనుహాలు కట్టిరి. బేగము తోట కంపెనీ బాగ్ అయినది, తరువాత రాణి విక్టోరియా పేరు పొందినది. కట్టించిన బేగము పేరు మాత్రము తుడుచుకొనిపోయినది. లాహోరులో నూర్జహాను 1645లో మరణించినప్పుడు తాను కట్టించుకొన్న సమాధిలో పండుకొన్నది, ప్రక్కనే కుమార్తె. సమీపముననే భర్త జహంగీరు సమాధి, అన్న సమాధియు కలవు. ఆ తోటల నడుమనుండి ఆంగ్లేయుల కాలమున రైలుదారి వేసిరి. భర్తయు అన్నయు ఒకవైపున, ఆమె ఒకవైపున ఉండిపోయిరి.

లాహోరు షాలిమారునకు జరిగినది ఇంకను సమీపకాలపు సంగతి. 1641-42లో షాజహాను ఆజ్ఞపై నిర్మింపబడిన ఆ తోటలో 410 జలయంత్రములు కలవు. వానికి నీరందించు పాతకాలపు తొట్లు ప్రహరికి వెలుపల ఉండెడివి. 1999లో రాజమార్గమును వెడల్పు చేయుటకై మూడింటిలో రెండింటిని పడగొట్టిరి. యునెస్కో సంస్థ 2000లో ఆ తోటను ప్రమాదమునందున్న స్థలముల పట్టికలో చేర్చినది. 2012లో గాని తొలగింపలేదు. తోట లోపల పూవొకటియు త్రుంపలేదు సుమా! వెలుపలి తొట్లు పోయినందులకే ఇంత. షాజహాను నిషాత్‌కు చేసిన పనినే రోడ్డు వేయువారు షాలిమారునకు తెలియక చేసిరి.

మిగిలిన తోటల రూపును మార్చినది ఆంగ్లేయుల అభిరుచి. పూర్వము తాజమహలు ముందర పండ్లచెట్లు దట్టముగా పెరిగి, మేడ కొమ్మల సందులనుండి కొంచెము కొంచెముగా కానవచ్చెడిది. కర్జను ప్రభువు కాలమున చెట్లను తగ్గించి, పచ్చికబయలు పరచి, మేడ వాకిటినుండియే పూర్తిగ కనబడునట్లు చేసిరి. బొమ్మ తీసికొనువారికి ఇది సౌకర్యమే. కాని ముసుగు తొలగించినట్లు నెమ్మదిగా చూపు కూర్పులోని అందము పోయినదని మా అభిప్రాయము. ఎండలో ఆ పచ్చిక ప్రక్కన నడచి చెమటలు గ్రక్కువారు, అచ్చట మామిడినీడ ఉండెడిదని తెలిసినచో ఏమందురో!

హుమాయూను సమాధి తోటయు కష్టములు పడినదే. ఒకప్పుడు కూరగాయల సాగు. తరువాత ఆంగ్లపద్ధతి గుండ్రని పూలపాదులు. 1947లో దేశము చీలినప్పుడు కాందిశీకులు నెలలతరబడి అచ్చట తలదాచుకొనిరి. ఆపదలోనున్నవారికి చోటిచ్చుట తోటకు తప్పు కాదు, ఐనను కాలువలు శిథిలమయినవి. 1997 మొదలు 2003 వరకు ఆగాఖాను ధర్మనిధియు భారత పురావస్తుశాఖయు కలసి దానిని ఉద్ధరించిరి. కాలువలలో నీరు దానంతటదియే పారుటకు 40 మీటరులకు ఒక సెంటీమీటరు మాత్రమే వాలు ఇచ్చి రాళ్లను చేతులతో తిరిగి పరచిరట. మామిడి, నిమ్మ, వేప, మల్లె, మందార మొదలగునవి తిరిగి నాటిరి. శతాబ్దముల తరువాత హాజీ బేగము కాలువలలో నీరు మరల నడచినది.

మన గోలకొండ కుతుబుషాహీ సుల్తానులు మొగలాయీలు కారు. ఐనను వారి తోటలకును తల్లి పారసీక పద్ధతియే. సుల్తానుల సమాధుల నడుమ 1667లో మరణించిన హయాత్ బక్షీ బేగము సమాధియు ఠీవిగా నిలిచియున్నది. హయత్‌నగరమునకు ఆ పేరు ఆమెవలననే. ఆ సమాధితోటలకు నీరిచ్చిన మెట్లబావులు పూడిపోయి, 2013 వానలలో పెద్దబావి గోడ కూలగా, దానిని తక్కినవానితో కూడ బాగుచేసిరి. 2022లో యునెస్కో ఆ పనికి పురస్కారమిచ్చినది.

ఈ తోటల విలువను ఆధునికులకు తెలియజేసినదియు ఒక స్త్రీయే. కాన్‌స్టన్స్ విల్లియర్స్ స్టువార్టు అను ఆంగ్లవనిత వీనినన్నిటిని చూచి, చిత్రములు వ్రాసి, 1913లో మొగలాయి తోటలపై గ్రంథము ప్రకటించెను. అప్పటి రాజప్రతినిధి భార్య లేడీ హార్డింజి, క్రొత్తఢిల్లీలో కట్టబోవు ప్రభుమందిరమునకు ఇట్టి తోటయే కావలెనని పట్టుపట్టెనని చెప్పుదురు. 1914లోనే మరణించుటచే ఆమె దానిని చూడలేదు. లట్యెన్సు దొర గీసిన ఆ తోటయే నేటి రాష్ట్రపతి భవనపు తోట. 2023 జనవరిలో దానికి అమృతోద్యానమని పేరు మార్చిరి. మాఘఫాల్గుణములలో ప్రజలకు తలుపులు తెరచినప్పుడు మన ప్రాంతమువారును చాలమంది చూచి వచ్చుచున్నారు.

ఢిల్లీ యాత్రకు పోవు సోదరీమణులకు ఒక మనవి. సమయమున్నచో సబ్జీమండీ ప్రాంతమునందలి రోషనారా తోటకును పోయి రండు. పెద్ద పేరు లేదు. తోట చాలవరకు కుంచించుకొనిపోయినది. ప్రక్కన 1922లో పుట్టిన క్లబ్బు కలదు. లోపల నాలుగు ప్రక్కల వరండాలు గల చిన్న మంటపము. 1671లో మరణించిన ఆ రాచబిడ్డను తాను నాటించిన చెట్ల నడుమనే అందు పాతిపెట్టిరి. చుట్టును చలువరాతి జాలకము కలదు గాని, సమాధిపై రాయి లేదు, నెత్తిన కప్పు లేదు. నడుమ వట్టి మన్ను. వానకాలమున చినుకులు తిన్నగా ఆ మంటిపైననే పడును.